అమ్మ, అత్త, లడ్ల గంప

ఆదిశేషు నిశ్చితార్థానికి ఏర్పాట్లన్నీ పకడ్బందీగా జరిగాయి. పొద్దున్నే టిఫిన్ తిని, అమ్మ రంగనాయకమ్మనూ మేనత్త యల్లమ్మనూ లడ్ల గంపనూ ఆటో ఎక్కించి, తాను బైకు మీద ముందు పోతూ, త్రిపురాంతకం అవతలున్న పెళ్లికూతురి ఊరు చేరాలి. నల్లమలలో కురిసిన వానకు దారిలోని వాగు పొంగి చప్టా మీదికి వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆటోవాడు నీళ్లను చూసి, ఇద్దరినీ గంపనూ దింపేసి మార్కాపురం దారి పట్టాడు.

బైకు దాటగలదు. కాని ఆ నీళ్లలో వెనక ఒక్క బరువుకు మించితే తూలిపోతుంది. అమ్మనూ అత్తనూ ఒకచోట వదిలితే పోట్లాట ఖాయం. ఎవరి పెళ్లిలోనో పప్పులో ఉప్పు ఎక్కువైన నాటి నుంచి వాళ్లకు మాటల్లేవు, దెప్పుళ్లే. అత్తను గంప దగ్గర వదిలితే లడ్లు మిగలవు. ఆమెకు షుగరు.

ఇంకొకరైతే తల పట్టుకునేవారు. ఆదిశేషు సంబరపడ్డాడు. బ్యాంకు పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెప్పి బతికేవాడతను. పులినీ మేకనూ గడ్డిమోపునూ ఒకదాన్నొకటి తినకుండా ఒకే పడవలో ఎట్లా దాటించాలో బోర్డు మీద చెప్పి చెప్పి చేయి తిరిగింది.

"అత్తా, ముందు నువ్వెక్కు."

యల్లమ్మ మరదలి వంక గర్వంగా చూసి ఎక్కింది. ఆమెను అవతల దించి, తిరిగొచ్చి, గంపను కట్టుకుపోయాడు. దాన్ని గట్టున పెట్టి, "అత్తా, మళ్లీ ఎక్కు" అన్నాడు.

"యాడికి?"

"ఎనక్కి."

"ఎందుకు అల్లుడా?"

"లెక్క అట్లుంది."

యల్లమ్మకు లెక్క అర్థం కాలేదు గాని అవమానం అర్థమయింది. చప్టా పొడవునా ఏడుస్తూనే ఉంది. సరిగ్గా అప్పుడే ఎదురు రావడానికి అవతలి గట్టుకొచ్చిన పెళ్లికూతురి బాబాయి ఎర్రయ్య అది చూసి ఇంటికి ఫోన్ చేశాడు.

"పెళ్లికొడుకోళ్లు ఏడ్చుకుంటా ఎనక్కి పోతున్నారు. లడ్లు మాత్రం గట్టున ఇడిసిపెట్టినారు."

ఇవతల రంగనాయకమ్మ ఆడపడుచు కన్నీళ్లు చూసి గబాల్న లేచింది. "ఏమైంది వదినా?"

ఏళ్ల తర్వాత వినపడిన ఆ పిలుపుకు యల్లమ్మ భోరుమంది. "గడప గూడా తొక్కనీకుండా ఎనక్కి తెచ్చినాడు రంగమ్మా, నీ కొడుకు."

"ఆడబిడ్డ లేకుండా నిశ్చితార్థమేందిరా?"

"లేకుండా ఏం లేదమ్మా. ఇప్పుడు పులి పోవాల. మేకను మళ్లొచ్చి తీసకపోతా."

"ఎవర్రా పులి?" అంది అమ్మ.

"ఎవర్రా మేక?" అంది అత్త.

ఇద్దరూ చేతులు పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డారు. వదిన ఎక్కందే తాను ఎక్కనని ఒకరు, రంగమ్మను ఒంటరిగా వదలనని ఇంకొకరు. పులీ మేకా ఒకటైతే ఏం చేయాలో ఆదిశేషు ఎన్నడూ పాఠం చెప్పలేదు.

ఇంతలో నీళ్లను చీల్చుకుంటూ ట్రాక్టర్ వచ్చి ఆగింది. నడుపుతున్నది పెళ్లికూతురు రమణి. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, కోపంగా కిందికి దిగింది.

"సంబంధం వద్దనుకుంటే మొగానే చెప్పాల. ఇట్ల ఎనక్కి పోయేదేంది?"

ఆదిశేషు పులి దగ్గర నుంచి గడ్డిమోపు దాకా మొత్తం వివరించాడు. రమణి కళ్లార్పకుండా విన్నది.

"ట్రాక్టర్ తెమ్మని ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది గదా."

"లెక్కలో ట్రాక్టర్ లేదు" అన్నాడు ఆదిశేషు.

రమణి నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. వదినా మరదళ్లను ట్రాలీలో కూర్చోబెట్టి ట్రాక్టర్‌ను వెనక్కి తిప్పింది. ఆదిశేషు బైకు కిక్కు కొట్టాడు. సైలెన్సర్‌లోకి నీళ్లు పోయినట్టున్నాయి, అది దగ్గి ఊరుకుంది. కేకలు వేశాడు గాని, ట్రాక్టర్ మోతలో రమణికి వినపడలేదు. ట్రాలీలో ఇద్దరూ ఆ పప్పులో ఉప్పు వేసిన మూడో మనిషిని తిట్టుకోవడంలో మునిగిపోయారు.

పెళ్లికొడుకు తప్ప నిశ్చితార్థమంతా వాగు దాటింది.