సవాలుకు జవాబు

కష్టం చూడని పిల్లకు జీవకణం గురించి ఎంత చెప్పినా తలకెక్కదని, 2006లో శామీర్‌పేట దాటాక వెలిసిన ఒక డిగ్రీ కళాశాల కనిపెట్టింది. అందుకని బయోటెక్నాలజీ సీట్లకు మార్కులతోపాటు కష్టాలు కూడా చూడాలని తీర్మానించి, దరఖాస్తు చివర ఒక ప్రశ్న చేర్చింది: ‘మీరు జీవితంలో ఎదుర్కొన్న పెద్ద సవాలు ఏది? వంద మాటల్లో రాయండి.’ దాని కింద తండ్రి సంతకం తప్పనిసరి. (కష్టం నిజమేనని ఇంట్లో పెద్దవాళ్లు ధ్రువీకరించాలి కదా.)

అలియాబాద్ ఊరి శృతికి ఆ సీటు కావాలి. ఇంటర్ రెండేళ్లూ ఆమె బస్సు కోసం నిలబడ్డ చోటు మీదుగానే తుర్కపల్లి బయోటెక్ ల్యాబులకు కంపెనీ బండ్లు ఆగకుండా పోయేవి. లోపల అమ్మాయిలు కిటికీకి తల ఆనించి నిద్రపోతూ ఉండేవారు. ఉద్యోగానికి నిద్రపోతూ వెళ్లడం కన్నా గొప్ప హోదా ఆమెకు తోచలేదు.

మేడ్చల్ బస్టాండు ఎదుట జిరాక్స్ దుకాణం నడిపే సుధాకర్ ఈ కొత్త ప్రశ్నను అందరికన్నా ముందు అర్థం చేసుకుని, నమూనా జవాబులు తాడుకు వేలాడదీశాడు.

“ఏది రాయాలె అన్నా?” అంది శృతి.

“నాయిన సచ్చిపోయిండని రాయి చెల్లె. గదే మస్తు నడుస్తాంది. అమ్మకు బీమారి అని గూడ ఉన్నది గని, గంత జోరు లేదు.”

“మా నాయిన మంచిగనే ఉన్నడు.”

“ఉండాలె. లేకుంటె కింద సంతకం ఎవలు వెడ్తరు?”

ఈ వాదంలో శృతికి ఎక్కడా లోపం కనిపించలేదు. అయినా మనసొప్పక దరఖాస్తు కాగితం ఇంటికి తెచ్చి తండ్రి ముందు పెట్టింది. కుర్మయ్య గొర్లను దొడ్లోకి తోలి, కాళ్లు కడుక్కుని వచ్చి శ్రద్ధగా విన్నాడు.

“సవాల్ అంటె సవాలే గద. నిన్నెవలన్న అడిగింది రాయి, నువ్వు జెప్పిన జవాబ్ రాయి. గింత దానికి నన్నెందుకు సంపుతవ్ బిడ్డా?”

ఆ ఇంట్లో సవాల్ అంటే ప్రశ్న. (అటువైపు చాలా ఇళ్లలో అంతే. ఈ సంగతి ప్రశ్న తయారుచేసిన కమిటీ దాకా వెళ్లలేదు.) శృతి రాసింది: ‘మా ఊరి బడిలో పదో తరగతికి లెక్కల సారు రాలేదు. లెక్కలు ఎవరు చెప్తారన్నది సవాల్. నేను ఇంటి దగ్గర చదువుకుని పోయి మిగిలినవాళ్లకు చెప్పాను. అందరం పాసయ్యాము. సారు తర్వాతి ఏడు వచ్చారు.’

కళాశాలలో సవాళ్ల పరిశీలనాధికారి యజ్ఞనారాయణ గారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి కొంపల్లి కాలనీలో ఇల్లు కట్టుకున్న మెత్తని మనిషి. పొద్దుటి నుంచి తండ్రుల మరణాలు చదివి చదివి ఆయన జేబురుమాలు తడిసిపోయింది. (ఆ తండ్రుల సంతకాలు గుండ్రంగా, ఆరోగ్యంగా ఉన్నాయి. కానీ సంతకాలు చూడటం వేరే విభాగం పని.)

“ఇది ప్రశ్న కదమ్మా,” అన్నారు, ఎదురుగా నిలబడ్డ శృతి దరఖాస్తు చదివి. “సవాలంటే కష్టం. మరి, నాన్నగారు...?”

“ఉన్నరు సార్. గేటుకాడ.”

“అయ్యో,” అన్నారాయన. “అమ్మగారు?”

“ఉన్నది సార్. గొర్లకాడ.”

“పోనీ, ఇల్లు కాలిపోవడం లాంటిదేమైనా?”

“పెంకుటిల్లు సార్. వానకు ఉరుస్తది గని కాలదు.”

ఇంత మంచి పిల్లకు ఒక్క కష్టమైనా లేకపోయిందే అని ఆయన నిజంగానే బాధపడ్డారు. “కాస్త గుర్తు తెచ్చుకో తల్లీ.”

శృతి ఆలోచించింది. “గా లెక్కల సవాల్‌కు జవాబ్ చెప్పుడే కష్టమైంది సార్.”

“చెప్పేశావుగా. ఇంకెక్కడి కష్టం?”

ఆయన ఎర్ర సిరాతో రాశారు: ‘అభ్యర్థి సవాలును ఎదుర్కోలేదు. ప్రశ్నకు జవాబు మాత్రమే చెప్పింది.’

ఫీజు కట్టే రోజున గేటు లోపల తండ్రుల వరుస నీళ్ల ట్యాంకు దాకా సాగింది. ఒకాయన బీడీ ముట్టించాడు. మధ్యలో దూరాడని ఇంకొకాయన మరొకాయన చొక్కా పట్టుకున్నాడు. బిడ్డ పేరు ఇంకోసారి చూడమని అడుగుదామని కుర్మయ్య వచ్చాడు. వాచ్‌మన్ సిద్దిరాములు చెయ్యి అడ్డం పెట్టాడు.

“లిస్టుల పేరుంటెనే లోపలికి, అన్నా. ఇగ సవాల్ జెయ్యకు.”

తండ్రి పక్కనే నిలబడి శృతి ఊచల్లోంచి ఆ వరుసను మొదటి నుంచి చివరిదాకా చూసింది. కళాశాల రికార్డుల ప్రకారం ఆ రోజు అక్కడికి వచ్చిన తండ్రుల్లో బతికున్నది కుర్మయ్య ఒక్కడే. గేటు బయట ఉన్నదీ ఆయనొక్కడే.