గ్రంథాలయంలో సాఫ్ట్‌వేర్ సమ్మె

ఆ శనివారం పొద్దున దివాకరన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆవిరికి ఉడికించిన బియ్యప్పిండి పుట్టు, శనగల కూర తిని, గొడుగు పట్టుకుని కాలువగట్టున నడిచి, తాను కార్యదర్శిగా ఉన్న గ్రంథాలయానికి వెళ్లాలి. వార్షిక నివేదిక టైప్ చేసి పంపేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవాలి. నివేదిక సోమవారం సాయంత్రం ఐదులోగా తాలూకా గ్రంథాలయ సంఘానికి చేరాలి. చేరకపోతే మా గ్రంథాలయం 'ఏ' గ్రేడు నుంచి 'బి'కి దిగిపోతుంది, కాలువ అవతలి గ్రంథాలయం వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు. బోర్డు మీది ఆ 'ఏ' దివాకరన్ నిచ్చెనెక్కి తన చేత్తో రాసుకున్నది. దాన్ని తనే చెరపాల్సి వస్తుందేమోనని ఏటా ఈ రోజుల్లో ఆయన బోర్డు వంక చూడకుండానే లోపలికి వెళతాడు.

గ్రంథాలయంలో కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మూలన ఎర్ర నోటీసు లేచింది. గడువు ఈ రోజుతో ముగుస్తుంది, డబ్బు కట్టండి. దివాకరన్ అంతవరకే చదివి మూసేశాడు. కరెంటాఫీసులో గుమస్తాగా రిటైరైన మనిషి, డబ్బు కట్టమనే నోటీసులు పంపడమే గానీ చదివే అలవాటు లేదు.

వెంటనే అధ్యక్షురాలు ఏలియామ్మ టీచర్‌కు ఫోన్ చేశాడు. "టీచరమ్మా, కొంప మునిగింది! మనం టైప్ చేసే సాఫ్ట్‌వేర్ ఈ రాత్రికి మూతపడుతుందట."

"మూతపడేలోగా రిపోర్టు టైపు కొట్టెయ్యి మరి."

"మూతపడేదాంట్లో కొడితే రిపోర్టూ లోపలే ఇరుక్కుపోదూ? ముందు కమిటీని పిలవాలి."

మా ఊళ్లో బల్బు మార్చాలన్నా కమిటీ కూర్చోవాలి. పాలు లేని కట్టన్ చాయ, పప్పు వడలు వచ్చాక సంయుక్త కార్యదర్శి, టైలర్ మొయిదీన్ లేచాడు.

"డబ్బెందుకు సారూ? ఇలాంటివి ఉచితంగా బోలెడున్నాయి. దించుకుంటే మనదే. కావాలంటే కుట్లు విప్పి మన కొలతకు మళ్లీ కుట్టుకోవచ్చు కూడా."

"ఊరికే ఇచ్చేదాన్ని నమ్మేదెట్లాగయ్యా? ఇన్నేళ్లుగా డబ్బు పోసి కొన్నదాంట్లో కొడుతున్నా. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు," అన్నాడు దివాకరన్.

"మీ ఇద్దరిదీ పాతకాలం," అన్నాడు ఫోన్ల దుకాణం సుగుణన్. "ఇంటర్నెట్‌లోనే టైప్ చేసుకునేది ఉంది. అదీ ఉచితమే. దించుకునే పనే లేదు."

"మన కాగితాలు పట్టుకెళ్లి ఎవడో కంపెనీవాడి బీరువాలో పెడతావా?" మొయిదీన్ మండిపడ్డాడు.

"ఊళ్లో అందరి నడుం కొలతలూ నీ దుకాణంలో లేవూ? నిన్నెవరన్నా అడిగారా?"

అంతే, కమిటీ మూడు ముక్కలైంది. సాఫ్ట్‌వేర్ మూతపడేలోగా దివాకరన్ హడావిడిగా తన తీర్మానం టైప్ చేశాడు. అదే కుర్చీలో కూర్చుని మొయిదీన్ అసమ్మతి పత్రం కొట్టాడు. సుగుణన్ వాకౌట్ చేశాడు. వాకౌట్ ఎందుకు చేశాడో చెప్పే కరపత్రం టైప్ చేసుకోవడానికి మళ్లీ లోపలికొచ్చాడు.

ఆదివారానికి టీకొట్టు బల్లలు కూడా మూడు వర్గాలయ్యాయి. సుగుణన్ మనుషులు గ్రంథాలయం గుమ్మంలో ధర్నాకు కూర్చున్నారు. పేపరు చదవడానికొచ్చినవాళ్లు తోచక నినాదాలు అందుకున్నారు. మొయిదీన్ జెండాలు కుట్టి ఊరేగింపు తీశాడు. దివాకరన్ బహిరంగ సభకు కరపత్రం కొట్టాడు, మొయిదీన్ పోటీ సభకు మరొకటి కొట్టాడు. కమిటీలో ఏ వర్గానికీ చెందని నేను రెండు సభల్లోనూ మాట్లాడాను. రెండుచోట్లా చప్పట్లు పడ్డాయి, ఏం చెప్పానో మాత్రం నాకిప్పటికీ తెలియదు.

సోమవారం నాలుగింటికి నివేదిక ఒక్క ముక్కా కాలేదు. దివాకరన్ రాజీనామా టైప్ చేసి ఏలియామ్మ టీచర్ చేతిలో పెట్టాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "'ఏ' పోయింది టీచరమ్మా. తప్పు నాదే. బోర్డు మాత్రం ఇంకెవరి చేతనన్నా చెరిపించండి, నావల్ల కాదు."

టీచర్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఇది దేంట్లో కొట్టావు?"

"కంప్యూటర్లోనే."

"అది శనివారం రాత్రే మూతపడాలి కదా?"

ధర్నా చేసేవాళ్లు కూడా లేచి లోపలికి తొంగి చూశారు. మొయిదీన్ తెర మీదికి వంగి, ఆ సాఫ్ట్‌వేర్ పేరు కూడబలుక్కుని చదివి, కెవ్వుమన్నాడు. "సారూ, ఇది నేను చెప్పిన ఉచితం రకమే!"

"మరి మనం కొన్నది?"

"ఎప్పుడు కొన్నారు?"

దివాకరన్ ఎంత ఆలోచించినా కొన్నట్టు గుర్తు రాలేదు. కంప్యూటర్ కొత్తగా వచ్చినప్పుడే దుకాణంవాడు ఇది పెట్టిచ్చాడు. సుగుణన్ ఎర్ర నోటీసును చివరిదాకా చదివాడు. దాన్ని పంపింది వైరస్‌లను పట్టుకునే వేరే సాఫ్ట్‌వేర్; టైప్ చేసేదానికీ దానికీ సంబంధమే లేదు.

"తర్వాత సిగ్గుపడుదురు గానీ, ముందు కూర్చోండి!" అని టీచర్ గదమాయించింది. మొయిదీన్ లెక్కలు చదివాడు, దివాకరన్ కొట్టాడు, సుగుణన్ పక్కన నిలబడి తప్పులు పట్టాడు. 'ఏడాదిలో జరిపిన చర్చా కార్యక్రమాలు' అన్న గడి దగ్గర దివాకరన్ వేళ్లు ఆగిపోయాయి. ఈ ఏడు మేం ఒక్కటీ జరపలేదు.

"రాయి," అంది టీచర్. "మూడు రోజుల సదస్సు. రెండు బహిరంగ సభలు. ఒక ఊరేగింపు. ఊరంతా పాల్గొంది."

ఐదు కొట్టేలోగా సుగుణన్ నివేదికను తన ఫోన్ ఇంటర్నెట్‌తోనే పంపించాడు. గ్రేడు నిలిచింది సరే, చర్చల విషయంలో తాలూకాలోనే మేము మొదటివాళ్లమని సంఘంవాళ్లు మెచ్చుకున్నారు కూడా. దివాకరన్ నిచ్చెనెక్కి 'ఏ'కి కొత్త రంగు వేశాడు.

ఎర్ర నోటీసు ఇంకా వస్తూనే ఉంది; దాన్ని పూర్తిగా చదవడానికి ఒక ఉపసంఘాన్ని వేశాం.