చేత్తో ఆడే ఫుట్‌బాలూ, చెప్పకుండా వేసే ట్రాన్స్‌ఫరూ

మోటివేషన్ క్లాసును మించిన మేలు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. కావాలంటే స్టాంపు పేపరు మీద రాసిస్తాను!

మీరు నవ్వుతారు. వారానికి ఉన్నవే రెండు సెలవులు, అందులో ఒకదాన్ని మింగేసే క్లాసు మేలెలా అవుతుందని అడుగుతారు. అయ్యా, సెలవు రోజున మీరు సాధించేది ఏమిటి? బట్టలు ఉతుక్కుంటారు. కూరగాయల కోసం అజీజియా పేట వీధులు తిరుగుతారు. ఊరికి వీడియో కాల్ చేస్తారు. అత్తగారు ఫోను ఎలా పట్టుకున్నారో గానీ, అరగంటసేపు వాళ్ళ ఇంటి సీలింగు ఫ్యాను చూసి పెట్టేస్తారు. ఇందులో వ్యక్తిత్వ వికాసం ఎక్కడైనా ఉందా?

ఈ లోపాన్ని మా కంపెనీ కనిపెట్టింది. ఈ అరబ్బు దేశపు తూర్పు తీరాన, అల్ ఖోబర్‌లో ఏసీలు, లిఫ్టులు, జనరేటర్లు బాగుచేసే కంపెనీ మాది. నా పేరు మునిస్వామి, మాది మదనపల్లె, ఉండేది అడ్మిన్ ఆఫీసులో. మా హెచ్.ఆర్. మేనేజర్ అఖీల్ సాబ్‌ది హైదరాబాదు. గుడ్ మార్నింగ్ చెప్పడానికి కూడా ప్రొజెక్టర్ ఆన్ చేసే మనిషి.

కంపెనీకి ఖమీస్ ముషైత్‌లో కొత్త కాంట్రాక్టు దొరికింది. దేశానికి ఈ మూల మేము, ఆ మూల అది. ఇక్కడి నుంచి కొందరిని అక్కడికి పంపాలి. వెనకటి రోజుల్లో అయితే గోడకు నోటీసు అంటించి ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు నోటీసుతో పాటు మోటివేషన్ కూడా ఇస్తున్నారు. ఇది ప్రగతి కాదా?

ఆ మోటివేషన్ ఇవ్వడానికి కంపెనీ ఒక కెనడా ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకుంది. పేరు లోర్న్. యాభైకి దగ్గరపడ్డ మనిషి, తలుపు దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళ చప్పుడు చివరి వరసకు వినిపించేది. ఒకప్పుడు కెనడాలో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడట. మావాళ్ళ నోట్లో ఆయన మొదటి రోజే 'లోన్ సారు' అయిపోయాడు. లోన్ సారు వస్తున్నాడనగానే హాలు కిటకిటలాడింది!

ఇంగ్లీషు అంతగా రాని తెలుగువాళ్ళ కోసం నన్ను తర్జుమాకు పక్కన నిలబెట్టారు.

"నేను వైడ్ రిసీవర్‌ని" అన్నాడాయన.

దీన్ని తెలుగులో ఏమనాలి? ముందు వరసలోని డ్రైవర్ ఇస్సాక్ నన్ను ఆదుకోబోయాడు. ఆయనది నిజామాబాదు. "రిసీవర్ అంటే టీవీ కింద పెట్టే డిష్ డబ్బానే గదా అన్నా?" అన్నాడు.

కాదు. బంతిని ఒకాయన దూరం నుంచి విసురుతాడు. పక్కగా నిలబడ్డ ఈయన పరుగెత్తుకుంటూ పోయి దాన్ని అందుకోవాలి. అందుకున్న మరుక్షణం నలుగురు మీద పడి నేలకేసి కొడతారు. పేరేమో ఫుట్‌బాల్, ఆడేది చేత్తో! అమెరికాలో ముందుకు సాగడానికి నాలుగు ఛాన్సులిస్తే కెనడాలో మూడే ఇస్తారట. ఇంతా విని మావాళ్ళకు ఆయన మీద జాలి కలిగింది. ఎవరో మంచినీళ్ళ సీసా అందించారు.

ఆయన తన కెరీర్ చెప్పుకొచ్చాడు. గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు. కాలేజీలో బాగా ఆడితే ఒక జట్టు ఎంచుకుంది. శిక్షణ క్యాంపు పూర్తి కాకముందే తీసేసింది. ఊరికి తిరిగెళ్ళి టైర్ల షాపులో చేరాడు. కొన్నాళ్ళకు మళ్ళీ పిలుపొచ్చింది. ఎందుకయ్యా అంటే, అక్కడ ప్రతి జట్టులోనూ ఇంతమంది కెనడావాళ్ళు ఉండి తీరాలని రూలుందట. లేకపోతే అమెరికా నుంచి వచ్చిన ఆటగాళ్ళతోనే జట్టు నిండిపోతుందట.

"అగో! గాడ గూడ నితాఖతేనా!" అని ఇస్సాక్ లేచి నిలబడ్డాడు.

హాలంతా గొల్లుమంది. ఇన్ని ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలనే ఈ రూలు పేరు వింటే మాకు జ్వరం వస్తుంది. లోర్న్‌కు సంగతి వివరించాను. ఆయన కూడా నవ్వాడు. "అవును, కోటాలో వచ్చాడని నన్ను కూడా ఏడిపించేవాళ్ళు. ఆ మాట పోగొట్టుకోవడానికి రెట్టింపు పరుగెత్తేవాణ్ణి" అన్నాడు.

ఒక ఏడాది సెమీఫైనల్‌లో మంచు కురుస్తుండగా, వేళ్ళు కొంకర్లు పోతున్నా, నేల మీదికి దూకి బంతి అందుకున్నాడట. జట్టు గెలిచింది. ఆ చలికాలమంతా ఆ నగరంలో ఆయన దగ్గర ఎవరూ కాఫీకి డబ్బులు తీసుకోలేదట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన రెండు చేతులూ వాటంతటవే ముందుకు చాచుకున్నాయి. మేమంతా చప్పట్లు కొట్టాం. ఇంతవరకు క్లాసు దివ్యంగా సాగింది.

మరుసటి వేసవిలో సూపర్ మార్కెట్లో పాలు కొంటుండగా ఫోన్ వచ్చింది. ఆయన్ని వేరే నగరం జట్టుకు ఇచ్చేశారు. బదులుగా వచ్చే ఏడాది కాలేజీ కుర్రాళ్ళలో ఒకణ్ణి ఎంచుకునే హక్కు తీసుకున్నారు. అంటే, ఇంకా ఎవడో కూడా తెలియని మనిషికి ఈయన్ని మార్చుకున్నారన్నమాట!

"మిమ్మల్ని అడగలేదా?" అన్నాను, తర్జుమా సంగతి మరిచిపోయి.

"అడగరు. చెబుతారు."

"సీ! చేంజ్ ఈజ్ ఆపర్చునిటీ!" అని అఖీల్ సాబ్ వెనక నుంచి అందించారు.

మూడేళ్ళకు మళ్ళీ అలాగే జరిగింది. ఈసారి దేశానికి అవతలి చివర. అప్పుడు ఆయన భార్యకు నెలలు నిండుతున్నాయి. నాలుగు రోజుల్లో రావాలన్నారు, వెళ్ళాడు. కూతురు పుట్టిన రోజున ఆయన మైదానంలో ఉన్నాడు. రెండు బంతులు అందుకున్నాడు, ఒకటి జారవిడిచాడు. జట్టు ఓడిపోయింది.

ఇక్కడ మతీన్ చెయ్యెత్తాడు. మతీన్‌ది రాయచోటి, మా ఏసీ టెక్నీషియన్. అతని భార్య అఫ్రీన్ నర్సు. పెళ్ళయినప్పటి నుంచి ఆమె జెద్దాలో, ఇతను ఖోబర్‌లో. ఎన్నో తంటాలు పడి ఆమె ఈ మధ్యనే ఖోబర్ ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చుకుంది. అజీజియాలో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. కర్టెన్లు కొన్నారు. అవి తగిలించిన వారంలోనే ఖమీస్ ముషైత్ వెళ్ళేవాళ్ళలో మతీన్ పేరు వచ్చింది.

"మునిస్వామన్నా, ఆయప్పను ఒక మాట అడుగు. ఆ పొద్దు నేను పోనని చెప్పింటే ఏమయ్యేదంట?"

అడిగాను. లోర్న్‌కు కంపెనీ రాసిచ్చిన జవాబు ఏదో ఉండే ఉంటుంది. అది చెప్పబోయి మతీన్ ముఖం చూసి మాట మార్చాడనుకుంటాను.

"ఏమీ అయ్యేది కాదు. నా చోట ఇంకొకణ్ణి నిలబెట్టేవాళ్ళు. మహా అయితే నన్ను తీసేసేవాళ్ళు. తర్వాత ఎలాగూ తీసేశారు, పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉండగా ఫోన్ చేసి మరీ. నా భార్య మాత్రం ఆ రోజును మరిచిపోలేదు. మేం విడిపోయేదాకా మరిచిపోలేదు. నీకు వెళ్ళాలని లేకపోతే 'నో' చెప్పు."

"మునిస్వామి గారూ, ఆ లాస్ట్ సెంటెన్స్ స్కిప్ చేసేయండి" అన్నారు అఖీల్ సాబ్.

చేసేశాను. నేను క్రమశిక్షణ గల ఉద్యోగిని. కానీ 'నో' అనే మాటకు తర్జుమా ఎవరికి కావాలి?

మర్నాడు మతీన్ అఖీల్ సాబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా, వెళ్ళనన్నాడు. ఇది రిక్వెస్ట్ కాదు, ట్రాన్స్‌ఫర్ అన్నారు ఆయన. మతీన్ వాదించలేదు. ఇప్పుడు కొత్త రూలు ప్రకారం కాంట్రాక్టులో ఏడాది దాటితే పాత యజమాని అయిన కఫీల్ సంతకం లేకుండానే ఇంకో కంపెనీకి మారవచ్చు. ఖోబర్‌లోనే ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళకు ఏసీ మనిషి కావాలి. మతీన్ నోటీసు ఇచ్చి, గడువు పూర్తి చేసి, వాళ్ళ దగ్గర చేరిపోయాడు. ఆ రోజు అఫ్రీన్ మా ఆఫీసుకు స్వీట్లు తెచ్చింది.

"ఆ పొద్దు వాపసు ఇయ్యబోతే అంగడోడు కర్టెన్లు తీసుకోనన్నాడన్నా. బతికిపోయినాం!" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

చూశారా మోటివేషన్ మహిమ? ఒక్క క్లాసుతో ఒక కాపురం నిలబడింది. తర్వాతి వారం ఇంకో ఇద్దరు మోటివేట్ అయ్యారు. ఇస్సాక్ అయితే వెళ్ళాలని ఉండి కూడా, ఊరికే ఒకసారి 'నో' అని చూసి, తర్వాత సరేనన్నాడు. ఆ కిక్కే వేరట!

ఇంత ఫలితం సాధించిన మనిషికి కంపెనీ ఏమివ్వాలి? ఇచ్చింది. ఆయన చేస్తున్న వెల్‌నెస్ ట్రైనర్ పోస్టును ఇక స్థానికులకు కేటాయిస్తున్నామని లోర్న్‌కు చెప్పేసింది.

ఆ సాయంత్రం ఆయన్ని టీ కొట్టుకు తీసుకెళ్ళాను. బాధపడుతున్నాడేమో అనుకుంటే, గ్లాసు పట్టుకుని భుజాలు కదిలిపోయేలా నవ్వుతున్నాడు. "తొమ్మిదేళ్ళు కోటా పుణ్యాన తిన్నాను మునీ. ఇప్పుడు కోటా నన్ను తింది. లెక్క సరిపోయింది!"

"ఇక ఎక్కడికి వెళ్తారు?"

ఆయన నవ్వు తగ్గింది. కూతురు ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోందట. ఆ ఊళ్ళో వచ్చి ఉండనా అని ఆ అమ్మాయిని అడిగాడట. ఆలోచించుకుని చెబుతానంది. వారం రోజులు ఆలోచించింది.

"నిన్న రమ్మంది" అన్నాడు.

ఇంతకీ ఖమీస్ ముషైత్‌లో ఖాళీలు అలాగే ఉండిపోయాయి కదా. ఒక మధ్యాహ్నం అఖీల్ సాబ్ నన్ను పిలిచి, "మునిస్వామి గారూ, మోటివేషన్ ప్రోగ్రామ్ మీద మీకున్న బిలీఫ్ మేనేజ్‌మెంట్‌ను చాలా టచ్ చేసింది" అన్నారు. ఆ వాక్యం పూర్తయ్యేసరికి నాకు టికెట్ వచ్చేసింది.

అవును, ఈ కాలమ్ ఖమీస్ ముషైత్ నుంచే రాస్తున్నాను. నా భార్యా, పదో తరగతి పరీక్షలు ముందున్న కొడుకూ ఖోబర్‌లో ఉన్నారు. 'నో' అనడం నాకు రాదా? వచ్చు. కానీ ఉన్న ఇల్లూ, పిల్లవాడి స్కూలు ఫీజూ కంపెనీవే. చదువు నడిమధ్యలో వాణ్ణి ఎక్కడ చేర్చను?

ఊరు మాత్రం అద్భుతం. చుట్టూ కొండలు, పొద్దున్నే మంచు. కిటికీ తెరిస్తే దుప్పటి వెతుక్కోవాలి. ఏసీలు బాగుచేసే కంపెనీని ఇలాంటి ఊరికి తెచ్చారంటే ఇందులోనూ ఏదో ఆపర్చునిటీ ఉండే ఉంటుంది!

నిజం చెప్పనా? నాకు చల్లటి ఊళ్ళంటే మొదటి నుంచీ ఇష్టం. పిల్లవాడి పరీక్షలయ్యాక వెళ్తావా మునిస్వామీ, అని ఒక్క మాట అడిగి ఉంటే, అందరికంటే ముందు నేనే పెట్టె సర్దుకునేవాణ్ణి.