లిఫ్టులో పింజ వాళ్ళ నాన్న

అపార్ట్‌మెంట్లో ఉండే ప్రతి మనిషికీ తక్షణం ఒక షిట్జూ కుక్కని ఇప్పించాలి! నవ్వకండి. ఇది సమాజ శ్రేయస్సుకి సంబంధించిన విషయం.

నాలుగో అంతస్తు లైబ్రేరియన్ గారినే తీసుకోండి. పద్నాలుగేళ్ళుగా ఆయన అదే ఫ్లాట్‌లో ఉంటున్నారు. కూతురు ఊళ్ళోనే వేరే ఇంట్లో ఉంటుంది. లైబ్రరీలో జనాన్ని ‘ష్’ అనడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చి లిఫ్టులో “నమస్కారమండీ” అంటే మాత్రం జనం ఫోన్లలోకి తలలు దూర్చేసేవారు. ఆయనకి ప్రాణం చివుక్కుమనేది.

ఇంతలో కూతురికి మూడు నెలల ట్రైనింగ్ పడింది. వెళ్తూ వెళ్తూ తన షిట్జూని తండ్రి ఒళ్ళో పెట్టింది. పేరు పింజ. బరువు అయిదు కిలోలు. అందులో సగం జుట్టే!

“రోజూ దువ్వాలి నాన్నా, లేకపోతే చిక్కులు పడిపోతుంది. కళ్ళ మూలలు తడిగుడ్డతో తుడవాలి. ఎండలో తిప్పకు, చప్పిడి ముక్కు కదా, ఆయాసపడుతుంది.”

“కాపలా కాస్తుందా?”

“దొంగొస్తే వాడి ఒళ్ళో కూర్చుంటుంది.”

పదేళ్ళుగా నెత్తిన వెంట్రుక లేని మనిషి ఆ రోజు దువ్వెన కొన్నారు. రెండు పిలకలు వెయ్యడం నేర్చుకున్నారు. సోఫా మీద అది గుర్రు పెడుతుంటే అలవాటు కొద్దీ ‘ష్’ అన్నారు. అది ఒక కన్ను తెరిచి, ఈసారి ఇంకాస్త గట్టిగా గుర్రు పెట్టింది. అంతటి స్వతంత్ర భావాలు ఈ రోజుల్లో ఎవరికున్నాయండీ?

వాకింగ్‌కి తీసుకెళ్తే పది అడుగులు వేసి బోర్లా పడుకునేది. మహారాణీవారిని ఆయనే ఎత్తుకుని మొయ్యాలి. అదే ఆయన అదృష్టం! చంకలో పిలకల కుక్క కనిపించగానే భవనమంతా కదిలింది. రెండో అంతస్తు టీచరమ్మ చెక్కిళ్ళు పుణికింది. పుణికింది కుక్కవే అనుకోండి. డెంటిస్టు గారు లిఫ్టు ఆపి మరీ “పింజ వాళ్ళ నాన్నగారూ, ఎక్కండి!” అన్నారు. ఆ డెంటిస్టు గారి పుట్టినరోజు పార్టీలో లైబ్రేరియన్ గారు పాట కూడా పాడారట!

మూడు నెలలు ఇట్టే గడిచాయి. కూతురు తిరిగొచ్చి పింజని స్నానానికి తీసుకెళ్ళింది. లైబ్రేరియన్ గారు ఒంటరిగా లిఫ్టెక్కారు. లోపల డెంటిస్టు గారు.

“ఎవరింటికొచ్చారండీ?”

“నేనండీ... పింజ వాళ్ళ నాన్నని.”

“అయ్యయ్యో, మీరా! చేతిలో అది లేకపోయేసరికి ఆనవాలు పట్టలేదు. కులాసాగా ఉందా?”

“కులాసాయే.” తన కులాసా ఆయన చెప్పలేదు. ఎవరడిగారు గనక?

ఇంటికెళ్ళి కూతురితో, “దాన్ని నా దగ్గరే ఉంచెయ్యమ్మా. నేను లేకపోతే బెంగపెట్టుకుంటుంది” అన్నారు.

“ఎవరు నాన్నా బెంగపెట్టుకునేది?” అంది కూతురు. కానీ ఉంచేసింది.

మర్నాడు పొద్దున్నే పింజని చంకనేసుకుని ఆయన లిఫ్టెక్కారు. మూల ఎవరో పెద్దాయన. అయిదో అంతస్తులోకి కొత్తగా దిగినట్టున్నారు. కుక్క లేదు, కనీసం పిల్లి కూడా లేదు.

“నమస్కారమండీ” అన్నారు పెద్దాయన, ఆశగా.

లైబ్రేరియన్ గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. పింజని గుండెకి ఇంకాస్త పొదువుకుని, జేబులోంచి ఫోన్ తీసి అందులోకి తల దూర్చేశారు.

తప్పేముందండీ? కుక్కయినా లేని మనిషితో ఏం మాట్లాడతాం!