ఊసరవెల్లికి కొత్త నేల

ఇంటి యజమానురాలు సునిమ్ చేపల బజారుకు వెళ్లగానే బయలుదేరి, ఆవిడ తిరిగొచ్చేలోగా పని ముగించుకోవాలని ప్యో గ్యుచల్ మాస్టారు పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. పని చిన్నదే. జాలీ గూడు అడుగున పరచడానికి ఒక జాంగ్‌పన్ ముక్క తేవాలి.

గూట్లో ఉన్నది ఊసరవెల్లి. మేనల్లుడు సైన్యానికి వెళ్తూ అప్పగించిపోయాడు. గిన్నెలో నీళ్లు పోస్తే అది ముట్టదు. ఆకుల మీంచి జారే చుక్కల్నే నాకుతుంది. దాంతో గూడు అడుగు ఎప్పుడూ తడే. వార్తాపత్రిక వేస్తే ముద్దయిపోయింది. చెట్టుబెరడు పొట్టు పోస్తే పురుగుతోపాటు పొట్టూ నాలుకకు అంటుకుని నోట్లోకి పోయింది. గదుల్లో నేలకు పరిచే ప్లాస్టిక్ జాంగ్‌పన్ అయితే ఒక్క గుడ్డతో తుడిచేయవచ్చు.

చిక్కల్లా అద్దె ఒప్పందంతోనే. జంతువులు కూడదని అందులో ఉంది. భార్య పోయాక మాస్టారికి ఆ మేడగదిలో తప్ప ఎక్కడా నిద్ర పట్టదు. ఆయన అడగకుండానే చలి రోజుల్లో నేల వెచ్చబెట్టే ఇంటావిడ మరో చోట దొరకదు కూడా.

"మాస్టారూ! ఇన్నేళ్లకి జాంగ్‌పన్ మారుస్తున్నారా?" దుకాణదారు ఓక్ కళ్లు చిన్నవి చేశాడు. "ఇల్లు ఖాళీ చేస్తున్నారా ఏంటి?"

"అబ్బే, లేదు లేదు!"

గున్సాన్ ఊళ్లో ఎవరూ ఊరికే జాంగ్‌పన్ మార్చరు. ఇంట్లోంచి ఎవరైనా వెళ్తేనో, ఇంటికి కొత్త పెళ్లికూతురు వస్తేనో మారుస్తారు. ఓక్ గొంతు తగ్గించాడు. "అయితే రెండో పెళ్లన్న మాట!"

నిజం చెబితే మధ్యాహ్నానికల్లా సునిమ్ చెవిలో పడుతుంది. మాస్టారు కాదనకుండా మాట మార్చాడు. "తడి నిలవకూడదు. రోజంతా నీళ్లే. గుడ్డతో తుడిస్తే పోవాలి," అన్నాడు.

"శుభ్రమైన మనిషే! ఈ ఎర్ర పూలది కొత్త జంటలకి ప్రాణం. ముందు ఆవిడకి ఈ ముక్క చూపించండి. నచ్చితే గదంతా వేద్దాం."

ముక్క సరిగ్గా గూడంత ఉంది. మాస్టారు పొంగిపోతూ ఇంటికొచ్చాడు. మెట్ల మీద సునిమ్ కూర్చుని ఉంది. ఓక్ ఫోను ఆయనకంటే ముందే చేరింది.

"పైన నీళ్ల చప్పుడు ఎన్నాళ్లుగానో వింటున్నా. కొళాయి కారుతోందనుకున్నా, పిచ్చిదాన్ని!"

ఊసరవెల్లి సంగతేననుకున్నాడు మాస్టారు. తెలిసిపోయింది! "నేనే చెబుదామనుకున్నానండీ..."

"ఎప్పుడు? పిల్లలు పుట్టాకా?"

"ఆ ప్రమాదమేం లేదండీ," అన్నాడాయన నిజాయితీగా.

"నా చేతి కిమ్చి పచ్చడి తింటూనే ఇంత గుట్టా!" సునిమ్ తలుపు ధడాలున వేసుకుంది.

మధ్యాహ్నం ఓక్ పెద్ద జాంగ్‌పన్ చుట్ట భుజాన వేసుకుని పైకొచ్చాడు. వెనకే సునిమ్. "కొత్త మనిషి పాత నేల మీద నడిస్తే పోయేది నా పరువు," అంది తీయగా. నేల పరచాలంటే గదిలో సామానంతా బయట పెట్టాలి. ఆవిడకు కావలసిందీ అదే.

అడుగుల చప్పుడు వినగానే గూడును బీరువాలోకి తోసేసిన మాస్టారు దానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇది మాత్రం వద్దండీ."

"ముందు అదే తియ్యాలి. ఓక్, నువ్వెళ్లి జాంగ్‌పన్ కోసే కత్తి తెచ్చుకో." అతను మెట్లు దిగగానే ఆవిడ బీరువా తలుపు లాగింది.

ఊసరవెల్లి ఒక కన్ను సునిమ్ మీద, రెండోది మాస్టారి మీద పెట్టింది.

"ఇదేనా?"

"ఇదేనండీ."

సునిమ్ కోట్లు పక్కకు తోసి వెనక కూడా చూసింది. "ఇంకెవరూ లేరా?"

"ఎవరూ లేరండీ."

ఆవిడ నేల మీద చతికిలబడి పెద్దగా ఊపిరి వదిలింది. "అలా నల్లబడుతోందేం?"

"కోపమొచ్చిందండీ. కోపమొస్తే రంగు మారుతుంది."

"మంచి అలవాటు. మా ఆయనకి ఉండేది కాదు. పళ్లెం గాల్లోకి లేచాకే తెలిసేది."

"నన్ను ఖాళీ చెయ్యమంటారా?" మాస్టారు అడిగాడు.

మెట్ల మీద మళ్లీ అడుగులు వినిపించాయి. సునిమ్ ముఖం మారిపోయింది. "కింది వాటా వాళ్ల కుక్కపిల్లని పట్టుబట్టి పంపించింది నేనే. ఇది ఉందని తెలిస్తే వాళ్లు నన్ను బతకనిస్తారా? నోరు మూసుకోండి!" మెడలోని శాలువా తీసి గూడు చుట్టూ కప్పి, గుండెలకు హత్తుకుని లేచింది.

గుమ్మంలో ఓక్ ఎదురయ్యాడు. "పెళ్లికూతురేదక్కా?"

"స్నానాల గదిలో. సిగ్గు, బయటికి రాదు," అని సునిమ్ గబగబా కిందికి దిగిపోయింది.

ఓక్ కత్తి పక్కన పెట్టి, జుట్టు సర్దుకుని, స్నానాల గది తలుపుకు నడుము వంచి నమస్కరించాడు.