ఆగస్టులో తివాచీలు

ఆ పొద్దున్న నుహా అనుకున్నదల్లా ములుఖియా ఆకుకూర దూసి, చలికాలానికి ఎండబెట్టుకోవడం. భర్త నఖ్లే మోటారు విడిభాగాల కొట్టుకు వెళ్ళిపోయాడు. లెక్కల టీచరుగా పనిచేస్తున్న కూతురు జుమానా సెలవుల్లోనూ ఏదో పని ఉందని బడికి వెళ్ళింది. నుహా వంటింట్లో పాత దుప్పటి పరిచి, ఆకు కుప్పగా పోసి, పీట వేసుకుని కూర్చుంది.

అప్పుడే బుర్కాన్ నీళ్ళ గిన్నె దగ్గర నుంచి లేవబోయాడు. ముందుకాళ్ళు ఒక దిక్కుకు, వెనకకాళ్ళు ఇంకో దిక్కుకు వెళ్ళాయి. పొట్ట నేలకు తగిలింది. ఆకు పక్కన ఆకులాగే పరుచుకుపోయి, ఇదేదో తన తప్పన్నట్టు నుహా వైపు చూశాడు.

బుర్కాన్ అంటే అగ్నిపర్వతం. బొచ్చుకుక్క పిల్లగా ఇంటికి వచ్చినప్పుడు చెప్పులూ కుర్చీకాళ్ళూ ఏవీ మిగల్చలేదని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు వాడికి పద్నాలుగేళ్ళు. పొట్ట కింద తువ్వాలు వేసి ఇద్దరు లాగితే గానీ ఆ అగ్నిపర్వతం లేవదు.

నుహా ముందు కుక్కను చూడలేదు, వీధి తలుపు చూసింది. మూసే ఉంది. ఎవరూ చూడలేదు. అప్పుడు తువ్వాలు కోసం పరిగెత్తింది.

కిందటి వారం వాడు నఖ్లే కళ్ళముందే పడ్డాడు. నఖ్లే కఠినుడేం కాదు. వాణ్ణి లేపి, గోడవైపు తిరిగి చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "ఆదివారం అన్నయ్య ట్రక్కు తీసుకుని వస్తున్నాడు. ఈలోగా ఇంకొక్కసారి పడ్డాడంటే ఊరికి పంపేద్దాం నుహా. నేను చూడలేను. అక్కడంతా మట్టి నేల. ఎవరూ జారరు."

కొండమీది ఆ ఊళ్ళో బావగారు షఫీక్ ద్రాక్షతోట నుహాకు తెలుసు. కుక్కను పాక గుంజకు కట్టేస్తారు. బుర్కాన్ పుట్టి బుద్ధెరిగాక ప్రతి రాత్రీ జుమానా గది తలుపు సందులో ముక్కు పెట్టుకునే పడుకున్నాడు. గుంజ దగ్గర వాడికి నిద్రెలా పడుతుంది?

పశువుల డాక్టరు ఆమెకు ముందే చెప్పాడు. "ఈ చలవరాయి వాడికి మంచుగడ్డలా ఉందమ్మా. అరికాలి కింద పట్టు కావాలి. తివాచీలు పరవండి. కాని పరిచింది కదలకూడదు. కదిలే తివాచీ కంటే ఉత్త నేలే నయం."

అయితే, వాళ్ళుండే జహ్లే పట్నంలో ఎండలు ముదిరాయంటే ప్రతి ఇంట్లోనూ తివాచీలు లేస్తాయి. బాల్కనీల్లో దులిపి, ఉతికి, కలరా ఉండలు వేసి, పాత పేపర్లలో చుట్టి అటకెక్కిస్తారు. మళ్ళీ చలిగాలి దిగేదాకా వాటి ముఖం ఎవరూ చూడరు. నడి ఆగస్టులో ఓ ఇంట్లో తివాచీ పరిచారంటే ఆ ఇంటికి పెద్దమనుషులు వస్తున్నట్టు. పెళ్ళికాని పిల్ల ఉన్న ఇల్లయితే వాళ్ళు ఎందుకొస్తున్నారో అడగక్కర్లేదు. అడగకూడదు కూడా. పిల్లను అడగడానికి వస్తున్నారన్న మాట ముందే నోటితో అంటే దిష్టి తగిలి సంబంధం చెడుతుంది. అందుకని అందరికీ తెలిసిపోతుంది, ఎవరూ పైకి అనరు.

ఇదంతా నుహాకూ తెలుసు. కాని ఆ పొద్దున్న ఆమె బుర్రలో నాలుగు కుక్కకాళ్ళు తప్ప ఇంకేవీ లేవు. నిచ్చెన వేసుకుని అటకెక్కింది.

నడవాలో పొడుగు తివాచీ విప్పుతుండగానే ఎదురింటి ఉమ్ మిలాద్ గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఉమ్ మిలాద్ అంటే మిలాద్ తల్లి. కొడుకు పెళ్ళి చేసుకుని బేరూత్ వెళ్ళిపోయాక ఈ రెండిళ్ళూ ఉన్న మేడలో మిగతా పెళ్ళిళ్ళన్నీ ఆమె తన బాధ్యతగానే చూసుకుంటోంది.

"కలరా ఉండల వాసన నా కాఫీలోకొచ్చి కూర్చుంది నుహా! ఏంటిది, తివాచీలా?"

"ఏంలేదక్కా. కాస్త గాలి తగులుతుందని."

ఉమ్ మిలాద్ నడవా ఆ చివరిదాకా చూసింది. అక్కడ జుమానా గది తలుపు ఉంది. తలుపు ముందు బుర్కాన్ రొప్పుతూ పడుకున్నాడు. ఆమె చూసింది తలుపును. కుక్కను చూసిందనుకుంది నుహా.

"నా దగ్గర దాస్తావేంటే? నాకూ కళ్ళున్నాయి. ఎప్పుడు?"

"ఆదివారం తేలిపోతుంది," అంది నుహా నీరసంగా.

"నఖ్లేకి తెలుసా?"

"తెలీదు. తెలియనివ్వకక్కా, నీకు దణ్ణం పెడతా."

"అంతే, అదే మంచిది. పోయినసారి ఆయన చేసిన నిర్వాకం చాలదూ?" ఉమ్ మిలాద్ వంగి తివాచీ అంచు ఎత్తి చూసింది. "ఇదేంటి, చిమ్మట కొట్టేసింది! దీనిమీద నడిపిస్తావా? పరువు పోతుంది."

"పరువుదేముందక్కా, తుంటి పోతుందనే నా భయం. ఇంకోసారి జారితే లేచేది లేదన్నాడు డాక్టరు."

ఉమ్ మిలాద్ కళ్ళు పెద్దవయ్యాయి. వచ్చేవాళ్ళలో తుంటి బాగాలేని పెద్దాయన ఉన్నాడన్నమాట. పెళ్ళికొడుకు తండ్రే అయ్యుంటాడు. "అయ్యో పాపం! అలా చెప్పు మరి. మా హాల్లోది పెద్దది, పంపిస్తాలే," అని వెళ్ళిపోయింది.

ఆమె మంచితనానికి నుహాకు కళ్ళు చెమర్చాయి. ఓ కుక్క కోసం హాలు తివాచీ ఇచ్చే మనిషి ఈ కాలంలో దొరుకుతుందా అనుకుంది.

మధ్యాహ్నానికల్లా మేడంతా ఒకటే ఆలోచన. తుంటి పాడైన తండ్రీ, పెళ్ళికాని కొడుకూ ఉన్న ఇల్లు జహ్లేలో ఏది? పై అంతస్తు మదాం ఓడెట్ ముగ్గురి పేర్లు చెప్పి, రెండు తనే కొట్టేసింది.

ఇంట్లో నుహా మాత్రం వేరే కష్టంలో పడింది. తివాచీ పరిచింది, జున్నుముక్క పట్టుకుని ఆ చివర నిలబడింది. "రా నాన్నా, రా బుర్కాన్!"

బుర్కాన్ లేచాడు. తివాచీ అంచుదాకా వచ్చి ఆగాడు. జున్ను చూశాడు, తివాచీ చూశాడు. తర్వాత గోడవారగా మిగిలిన సన్నటి చలవరాయి మీద, ఒళ్ళంతా గోడకు రాసుకుంటూ, అడుగడుగునా జారుతూ నడిచొచ్చాడు.

నుహా నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ పాఠం నేర్పింది తనే. పిల్లప్పుడు చెప్పు చేత్తో పట్టుకుని, తివాచీ మీద కాలుపెడితే చాలు, "ఆఁ!" అని అరిచేది. వాడికి కాళ్ళు మోపడానికి హక్కున్నది ఒక్కచోటే, గుమ్మం ముందుండే కాళ్ళపట్టా. బయటినుంచి రాగానే దానిమీద నిలబెట్టి నాలుగు పాదాలూ తుడిచి లోపలికి వదిలేది. ఆ చెప్పు ఎప్పుడో అరిగిపోయింది. వాడు మాత్రం పాఠం మర్చిపోలేదు.

పోనీ, తివాచీలు కదలకుండా ఉంటే వాడికే ధైర్యం వస్తుందేమోనని ఆమె బజారుకు వెళ్ళింది. తివాచీ కింద వేసే రబ్బరు వల కావాలంది. కొట్టువాడు రెండు మూడు రకాలు చూపించాడు. నుహా ప్రతిదాన్నీ నేలమీద పరిచి, పైన గుడ్డముక్క వేసి, చెప్పులు విడిచి అరికాలితో తోసి చూసింది. కదలనిది తీసుకుంది. సొంత తివాచీలన్నిటి కిందా కత్తిరించి వేసింది. గోరు తట్టుకుంటుందని లేచిన అంచులన్నీ కూర్చుని కుట్టింది. సాయంత్రం నఖ్లే వచ్చి చూసి, "ఇదేంటి, ఈ ఎండల్లో?" అన్నాడు. "చిమ్మట పట్టిందిలే," అంది తలెత్తకుండా. అది అబద్ధం కూడా కాదు.

మర్నాడు ఉమ్ మిలాద్ హాలు తివాచీ వచ్చింది. దాని వెనకే మదాం ఓడెట్ పట్టు తివాచీ వచ్చింది, పెళ్ళికూతుర్ని దింపినట్టు ఇద్దరు మోసుకొచ్చారు. "మేడ పరువు అందరిదీ," అంది మదాం ఓడెట్, నుహా బుగ్గ నిమిరి. వద్దనడానికి నుహాకు నోరు రాలేదు. గోడవార ఉన్న చలవరాయి కూడా మూసుకుపోయింది. పట్టు తివాచీ కింద వేయడానికి అంత పెద్ద రబ్బరు వల లేదు. బుర్కాన్ బాల్కనీలో చిక్కుకుపోయాడు. లోపలికి రావాలంటే తివాచీ తొక్కాలి, తొక్కడు. రాత్రి జుమానా తలుపు వైపు చూస్తూ బాల్కనీలోనే మూలిగాడు. జుమానా దిండు తీసుకెళ్ళి వాడి పక్కన పడుకుంది.

"అమ్మా, మెట్ల మీద ఎవరు కనబడ్డా నా తల నిమురుతున్నారు. ఏంటి సంగతి?" అనడిగింది.

"కుక్కంటే నీకెంత ప్రాణమో అందరికీ తెలుసు కదే," అంది నుహా.

నఖ్లేకి మంగలికొట్టులో తెలిసింది. తెలిసిందంటే, ఎవరూ చెప్పలేదు. మంగలి గడ్డం గీసి, మీసం సరిచేసి, అడగకుండానే చెవుల మీద వెంట్రుకలు కూడా తీశాడు. "ఆదివారం కదా మామా, ముఖం కళగా ఉండాలి," అని అద్దంలో కన్ను గీటాడు. నఖ్లేకి ఇంట్లో తివాచీలు గుర్తొచ్చాయి. కూతురికి సంబంధం వస్తోంది. తనకు తప్ప ఊరందరికీ తెలుసు.

ముందు కోపం వచ్చింది. తర్వాత పోయినసారి గుర్తొచ్చింది. అప్పుడు వచ్చిన పెళ్ళికొడుకు తండ్రిని తను తావ్లా పాచికలాటలో చిత్తుగా ఓడించి, కాఫీ చల్లారేదాకా వెక్కిరించాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. అందుకే దాచింది నుహా. ఈసారి తను మనిషిలా ఉంటాడు. నోరెత్తడు. అన్నగారికి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఆదివారం ట్రక్కు వద్దు. సూటు వేసుకుని టాక్సీలో రా. ఎందుకని అడక్కు."

షఫీక్ అడగలేదు. ఆయనా జహ్లేలో పెరిగినవాడే.

ఆదివారం చర్చి నుంచి రాగానే నుహా బాల్కనీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. ట్రక్కు రాలేదు. టాక్సీ ఆగింది. అందులోంచి నల్ల సూటూ, టైతో, కొత్త తోలు బూట్లు మెరుస్తూ షఫీక్ దిగాడు. గదిలోంచి నఖ్లే కూడా సూటుతో వచ్చాడు, చేతిలో బక్లావా మిఠాయి పళ్ళెం. కుక్కను సాగనంపడానికి సూట్లు వేసుకున్నారంటే ఇక అంతా నిర్ణయం అయిపోయినట్టే.

ఉమ్ మిలాద్ కాఫీ పాత్రతో వచ్చింది. మదాం ఓడెట్ ముత్యాల దండతో వచ్చింది. అందరూ కూర్చున్నారు. అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు, నుహా ఒక్కతే బాల్కనీ వైపు చూస్తోంది. చెమటలు కారుతున్నాయి. ఎవరూ కోటు విప్పలేదు.

చివరికి షఫీక్ గొంతు సవరించుకున్నాడు. "వాళ్ళింకా రాలేదేం?"

"ఎవరు బావగారూ?"

"అదే... వాళ్ళు."

"మీరే కదా తీసుకెళ్ళేది!" అంది నుహా. "తీసుకెళ్ళకండి బావగారూ. ఔను, మళ్ళీ పడ్డాడు. వంటింట్లో పడ్డాడు, నేనే దాచాను. ఈ తివాచీలన్నీ వాడి కోసమే. కాళ్ళు జారకుండా."

"ఎవడు పడ్డాడు?" అన్నాడు నఖ్లే.

"బుర్కాన్!"

ఉమ్ మిలాద్ నెమ్మదిగా, "మరి ఆ తుంటి?" అంది.

"వాడిదే."

"నా పట్టు తివాచీ కుక్కకా?" మదాం ఓడెట్ ముత్యాలు పట్టుకుంది.

జుమానా గదిలోంచి దిద్దుతున్న పేపర్లతో వచ్చి, ఒక్కొక్కరి బట్టలూ చూసింది. "పెళ్ళి నాకా? మరి నేనింకా నైటీలోనే ఉన్నానేం?"

షఫీక్ లేచాడు. ఎర్రబడిపోయాడు. "ద్రాక్ష కోతలు వదిలేసి, పెళ్ళినాటి సూటు వేసుకుని, టాక్సీలో..." అంటూ విసురుగా అడుగు వేశాడు. కొత్త తోలు బూటు, కింద పట్టు, దాని కింద చలవరాయి. తివాచీ ఒక దిక్కుకు వెళ్ళింది, షఫీక్ ఇంకో దిక్కుకు వెళ్ళాడు. "అమ్మో, నా నడుం!" అని మేడంతా వినబడేలా అరిచాడు.

బాల్కనీలో బుర్కాన్ తలెత్తాడు. తనను పిల్లగా కోటు జేబులో పెట్టుకుని ఈ ఇంటికి తెచ్చింది ఆ గొంతు మనిషే. ఎవరూ తువ్వాలు పట్టుకోకుండానే, వణుకుతూ లేచాడు. గడపదాకా వచ్చాడు. ముందంతా తివాచీలు. ఒక కాలు పైకెత్తి, అలాగే ఆపి, నుహా వైపు చూశాడు. ఆమె ముఖం వైపు కూడా కాదు, ఆమె చెప్పు వైపు.

నుహా చెప్పులు రెండూ విడిచి సోఫా కిందికి తన్నేసింది. అయినా వాడు కదల్లేదు.

"కాళ్ళపట్టా!" అని అరిచి, జుమానా గుమ్మానికి పరిగెత్తింది. రబ్బరు అడుగున్న ఆ మాసిన పట్టా తెచ్చి వాడి ముందు పడేసింది. బుర్కాన్ వాసన చూశాడు. కాలు మోపాడు. పట్టా కదల్లేదు. నాలుగు కాళ్ళతో దాని మీదకెక్కి, పాదాలు తుడుస్తారేమోనని బుద్ధిగా ఆగాడు.

"ఇంకోటి!" అన్నాడు నఖ్లే. ఉమ్ మిలాద్ కాఫీ పాత్ర వదిలేసి ఎదురింటికి పరిగెత్తింది. మదాం ఓడెట్ ముత్యాలు ఊగుతుండగా మెట్లెక్కింది. కింది ఇళ్ళవాళ్ళు తలుపు తీసేసరికి వాళ్ళ గుమ్మాల ముందు పట్టాలు లేవు. ఒక పట్టా మీంచి ఇంకో పట్టా మీదికి, వాగులో రాళ్ళ మీద దాటినట్టు, బుర్కాన్ హాలు దాటాడు. ఒక్కసారి కూడా జారలేదు. షఫీక్ చెవి నాకాడు.

"ముందు నన్ను లేపండ్రా!" అన్నాడు షఫీక్, వాడి మెడ పట్టుకుని.

నఖ్లే లేపలేదు. సూటుతోనే మోకాళ్ళ మీద వంగి, కుక్క వదిలేసిన పట్టాలు ఒక్కొక్కటే తీసి ముందు వేస్తున్నాడు, జుమానా గది తలుపుదాకా. బుర్కాన్ అక్కడ తలుపు సందులో ముక్కు పెట్టి పడుకున్నాక, గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

ఎముక విరగలేదు, కదలకుండా పడుకోవాలంతే అన్నాడు షఫీక్‌ను చూసిన డాక్టరు. షఫీక్ పొట్ట కింద తువ్వాలు వేసి ఇద్దరు లేపారు. మిగిలిన బక్లావా ఆయన ఒళ్ళో పెట్టారు.

నఖ్లే మాట తప్పే మనిషి కాదు. పడినవాణ్ణి ఆ సాయంత్రమే ఊరికి పంపేశాడు.