భీమారావు గారి ఛాయ

ఆదివారం పొద్దున్నే భీమారావు పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం ఆంధ్ర సంఘంలో ఇవ్వబోయే ప్రసంగాన్ని అద్దం ముందు వల్లించుకోవడం. రాయపూర్ శివార్లలో ఉర్లా ఫ్యాక్టరీలో గుమాస్తాగిరీ చేస్తూ, దొరికిన పుస్తకమల్లా చదివి, మనస్తత్వశాస్త్రం మీద మోజు పడ్డాడాయన. పాపం, వినే నాథుడే లేడు. కిందటిసారి భార్య భ్రమరాంబే ముందు వరసలో కూర్చుని హాయిగా నిద్రపోయింది. ఈసారైనా నలుగురు మేలుకుని వింటే చాలునని ఆయన ఆశ.

మనసులో దాగిన చీకటి కోణాన్ని "నీడ" అంటే సభకు చప్పగా ఉంటుందని "ఛాయ" అన్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు. రాయపూర్‌లో ఆడవాళ్లకు ఆ పేరు మామూలే; వీధికొక ఛాయ ఉంటుంది, అందరూ చీరలే కట్టుకుంటారు.

అద్దంలోకి చూస్తూ ఆయన గొంతెత్తాడు: "ఇన్నేళ్లూ పైకి పెద్దమనిషి ముసుగు వేసుకుని, ఛాయను దాచిపెట్టాను. ఇక దాచను. ఛాయతో చెయ్యి కలిపితేనే నాకు శాంతి!"

వంటింట్లో భ్రమరాంబ చేతిలోని గరిటె జారిపడింది. ఏడుపు ఆపుకోలేక పక్కింటి ఆండాళమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అరే, ఏడవకు భ్రమరా! పండరీ బట్టల బజార్లో, చీరల దుకాణంలో ఒక ఛాయ ఉంది. పక్కా అదే! అన్నయ్యగారు ఊరికే అటు చక్కర్లు కొడతారా?" అంది ఆండాళమ్మ.

ఆ కబురు వాళ్లుండే దేవేంద్ర నగర్‌లోని తెలుగు ఇళ్లన్నీ తిరిగి వచ్చేసరికి ఛాయకు కవలలు కూడా పుట్టేశారు.

సాయంత్రం హాలు కిక్కిరిసింది. భీమారావు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. భ్రమరాంబ అయితే రెప్ప వేయకుండా చూస్తోంది. ఆయన "ఛాయ" అన్నాడో లేదో, సంఘం అధ్యక్షుడు పున్నయ్య లేచాడు.

"ఆగండి భీమారావు గారూ! ఆవిణ్ణి ఎక్కడ పెట్టారో ముందు అది చెప్పండి!"

"ఎక్కడేమిటండీ? నాలోనే ఉంది. మీలోనూ ఉంది!"

పున్నయ్య భార్య చటుక్కున మొగుడి వైపు తిరిగింది.

భీమారావు కంగారుపడి తేట తెలుగులోకి దిగాడు. "ఛాయంటే నీడండీ బాబూ! మనకే నచ్చని మన కోపం, కుళ్లు లోపల తొక్కిపెట్టేస్తాం. అవి ఊరుకోవు. ఎదుటివాళ్లలో ఉన్నట్టు కనిపిస్తాయి. మనవేనని ఒప్పుకుంటే మనసు కుదుటపడుతుంది." ఆండాళమ్మ కొంగు సర్దుకుంది. భీమారావు ఊపందుకున్నాడు. "ఇంకోటండీ, ప్రతి మగవాడి మనసులో ఒక స్త్రీ, ప్రతి స్త్రీ మనసులో ఒక పురుషుడు ఉంటారు. వాళ్ల మాట కూడా వినాలి!"

నవ్వులతో, చప్పట్లతో హాలు దద్దరిల్లింది. భ్రమరాంబ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆయన ప్రసంగం ఒక్క ముక్క వదలకుండా విన్నది. భీమారావుకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఇంటికి రాగానే ఆవిడ పడక్కుర్చీలో వాలింది.

"ఏమండీ, నాలోని మగాడు కాలు మీద కాలు వేసుకుని కాఫీ అడుగుతున్నాడు."

భీమారావు వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాడు. వినమన్నది తనే మరి.